సంతకానికి ముందు ఒక్కసారి చదివిద్దాం
(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బిజినెస్ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లం. మొదట్లో ఫ్రాంచైజీ మాకు రెండు క్లాసుల పాఠం, పరీక్షలో ఒక ప్రశ్న. ఒకరి పేరు, పద్ధతి తీసుకుని మన డబ్బుతో దుకాణం నడపడమని బోర్డు మీద రాసేవాళ్లం. ఒకనాడు పాత విద్యార్థి ఒకడు అగ్రిమెంటు పట్టుకొచ్చాడు. అప్పటికే సంతకం అయిపోయింది. తల్లి నగలు కుదువపెట్టి ఫీజు కట్టాడు. ఆ కాగితాలు చదివాక, ఇన్నేళ్లూ మేము చెప్పింది సగమేనని తెలిసింది. మిగతా సగం నేర్చుకోవడమే ఆ తర్వాత మా పని అయింది.

ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. మనం ఆడబిడ్డలకు కుట్టు మిషన్లు ఇస్తుంటాం కదా. ఆ మిషన్లకు పేరుపడ్డ సింగర్ కంపెనీయే 1850లలో అమెరికాలో ఒక్కో ప్రాంతంలో అమ్ముకునే హక్కును డబ్బు తీసుకుని ఇతరులకు ఇచ్చింది. నేడు చాయ్ దుకాణం, బేకరీ, మందుల షాపు, కంప్యూటర్ సెంటర్ అన్నీ ఈ దారిలో నడుస్తున్నాయి. మంచి కంపెనీ దొరికితే పని నేర్పుతుంది, పేరు చూసి గిరాకీ వస్తుంది. కాదనం.

కానీ లెక్క చూడండి. నెలకు 1,80,000 రూపాయల అమ్మకం ఉందనుకుందాం. సరుకు, కిరాయి, జీతాలు, కరెంటు పోను 18,000 మిగిలాయి. కంపెనీ రాయల్టీ 6 శాతం. అది లాభం మీద కాదు, మొత్తం అమ్మకం మీద. అంటే 10,800. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,944. పిల్లవాడి చేతికి వచ్చేది 5,256 రూపాయలు. నగలు ఎప్పుడు విడిపించాలి?

అమెరికాలో సంతకానికి కనీసం 14 రోజుల ముందు కంపెనీ తన వివరాలన్నీ రాసి ఇవ్వాలి. మన దేశంలో ఫ్రాంచైజీకి ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. ఒప్పందం నడిచినన్నాళ్లు పోటీ సరుకు ముట్టకూడదన్న షరతు చెల్లుతుందని 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కాగితం మీద ఉన్నదే మనకు రక్షణ, అదే మనకు బంధనం. లావాదేవీని రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని సూరా బఖరా 282వ ఆయతు మనకు ఎప్పుడో నేర్పింది. రాసినదాన్ని చదవడం మన వంతు.

అడగాల్సినవి నాలుగే. వనపర్తిలో మనకు ఇచ్చాక అదే ఊళ్లో ఇంకొకరికి ఇస్తారా? హైదరాబాదు నుంచి గద్వాలకు సరుకు లారీ కిరాయి ఎవరిది? గడువుకు ముందే మూసేస్తే డిపాజిట్ తిరిగి వస్తుందా? ఇప్పటికే నడుపుతున్న ముగ్గురి ఫోన్ నంబర్లు ఇస్తారా? నాలుగో ప్రశ్నకు నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

ఇంకో మాట. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపే ఆ పనితనం వల్ల వచ్చిన పేరది. ఏ కంపెనీ దగ్గరా కొన్నది కాదు. పేరు కొనుక్కోవచ్చు, సంపాదించుకోనూవచ్చు.

దాతలకు మా మనవి. మీరిచ్చే ప్రతి రూపాయి అమానత్. స్వయం ఉపాధికి సాయం అడిగిన బిడ్డ ఫ్రాంచైజీ పేరు చెబితే, చెక్కు రాసేముందు అగ్రిమెంటు అడగండి. మీలో వ్యాపారులున్నారు, వకీళ్లున్నారు. నెలకు ఒక పూట సంస్థ కార్యాలయంలో కూర్చోండి. మేమూ వచ్చి కూర్చుంటాం, చదివి పెడతాం. దీనికి ఫీజు లేదు. ఆనాడు మా విద్యార్థి ఒక్క వారం ముందు వచ్చి ఉంటే బాగుండేదన్న బాధ ఇంకో ఇంట్లో ఎవరికీ రాకూడదు.

అల్లాహ్ మీ సంపాదనలో, మన పిల్లల కష్టంలో బర్కత్ ఇవ్వాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాం.