సూర్యుని బూడిద
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చి, సూర్యుని అంచున లేచు జ్వాలల వెలుగును పరీక్షించెను. అట్టి వెలుగులోని ఒక పసుపుపచ్చని గీత భూమిమీద ఎరుగని మూలపదార్థమునకు చెందినదని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లాకియర్ తలచెను. సూర్యుని గ్రీకు పేరును బట్టి దానికి హీలియము అను పేరు వచ్చెను.

సూర్యునిలో ఉదజని హీలియముగా మారుటచేతనే వేడి, వెలుగు పుట్టుచున్నవి. అనగా హీలియము ఆ అగ్నికి బూడిద వంటిది. అట్టి అగ్నిని భూమిపై వెలిగించి విద్యుత్తు తీయవలెనని పెక్కు దేశములు పాటుపడుచున్నవి. ఇందులకై దక్షిణ ఫ్రాన్సులోని కదరాష్ వద్ద నిర్మించుచున్న ఇటర్ యంత్రమున భారతదేశము కూడ భాగస్వామి.

ఆ యంత్రములో మిక్కిలి వేడి తగులునది అడుగుభాగము. హీలియపు బూడిదను వెలికితీయు దారియు అదియే. అందుచే అచ్చట టంగ్‌స్టన్ పలకలు అమర్చుదురు. పాత విద్యుద్దీపపు బుడ్డిలోని తీగ ఈ లోహమే. సుమారు 3,400 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి గాని ఇది కరగదు. లోహములలో ఇంతగా తాళునది మరియొకటి లేదు.

అట్టి లోహమునకు దేనితోను కలియని హీలియమే చెరుపు చేయుచున్నది. వేగముగా వచ్చి లోపల దూరిన హీలియము లోహములో ఇముడజాలక, ఒకచో చేరి బుడగలు కట్టును. పులిసిన పిండివలె లోహము పొంగును. సుమారు 700 మొదలు 1,700 డిగ్రీల వరకు గల వేడిలో పలకపై నూగు మొలచును. దాని పోగులు తలవెంట్రుకకంటె వేయిరెట్లు సన్నములు. మెరయు లోహము మసివలె నల్లబడును. జపానులోని నగోయా శాస్త్రజ్ఞులు 2006లో దీనిని వెల్లడించిరి. నూగు దినదినము ఒకే తీరున పెరుగదనియు, నాలుగింతల కాలమునకు రెండింతలు మాత్రమే మందమగుననియు తరువాత అమెరికాలో తేలినది.

ఈ నూగు పెళుసు. వేడిని లోపలికి సరిగా సాగనీయదు. ఊడి ధూళియై మండు వాయువులో పడినచో దానిని చల్లార్చును. అయితే నూగు పట్టిన పలకనుండి లోహకణములు ఎగిరిపోవుట తగ్గుననియు ప్రయోగములు తెలిపినవి. కావున లాభనష్టములను తూచుట సులభము కాదు.

పొయ్యి రాజేయుటతో పని తీరదు; బూడిద ఎత్తవలెను, పొయ్యిగోడ నిలువవలెను. ప్రతి ఇల్లాలు ఎరిగిన ఈ సంగతియే నేడు శాస్త్రజ్ఞుల ముందున్న చిక్కు. ఆ గోడ ఏండ్ల తరబడి నిలిచిననాడే సూర్యుని అగ్ని ఊరి దీపమునకు అందగలదు.