వేసవిలో మల్లెతోట

లావెండర్ చల్లని కొండప్రాంతాల పంట. జమ్మూ కాశ్మీర్‌లోని భదర్వాలో రైతు కుటుంబాలు దాన్ని సాగుచేస్తున్నాయి. కర్నూలు జిల్లాలో తుంగభద్ర ఒడ్డునున్న సి.బెళగల్ మండలం అందుకు భిన్నం. ఇక్కడ ఎండాకాలంలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఇలాంటి ఎండకు తట్టుకునే సువాసన పంట మల్లె.

మల్లెపూల కాలం మార్చి నుంచి జూన్ వరకు. పని మాత్రం చలికాలంలోనే మొదలవుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో నీరు ఆపి, చెట్లను మోకాలెత్తున కత్తిరించి, ఆకు దూసేస్తారు. తర్వాత పశువుల ఎరువు వేసి తడి ఇస్తే కొత్త చిగుళ్లు, వాటి చివర మొగ్గలు వస్తాయి.

కోత తెల్లవారుజామున సాగుతుంది. బాగా ఊరి, తెల్లబడి, ఇంకా విచ్చని మొగ్గను కాడతో సహా తుంచాలి; పక్కనున్న పచ్చిమొగ్గను మరుసటి రోజుకు వదలాలి. కోసిన మొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది. కిలో తూగాలంటే వేల మొగ్గలు కావాలి. అందుకే ఇంటిల్లిపాదీ చెయ్యేస్తే గానీ ఎండెక్కేలోగా కోత ముగియదు.

లావెండర్ నూనెను ఆవిరి పట్టి తీస్తారు. మల్లె వాసన ఆ వేడికి చెడుతుంది కనుక, హెక్సేన్ వంటి ద్రావకంతో దాని సుగంధ సారాన్ని తీస్తారు.

తోట చూడదలచినవారు సూర్యోదయానికి ముందే వెళ్లాలి. పాదుల్లో అడుగు పెట్టకూడదు, అడగకుండా మొగ్గ తుంచకూడదు. పూలు తోట దగ్గరే కొంటే రైతుకు మార్కెట్ కమీషన్ మిగులుతుంది.