తప్పును మళ్లీ రప్పించడం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వాళ్లు నన్ను కంప్యూటర్ రంగంలో నా అనుభవాలు చెప్పమన్నారు. ముప్పై ఏళ్ల అనుభవాలు మొదలుపెడితే భోజనాలు చల్లారిపోతాయి. అందుకని ఒకే ఒక్క బగ్ గురించి చెబుతాను.

నా పని కెర్నల్‌లో. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది గుండెకాయ. మీలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న ప్రతివాళ్ల జేబులోనూ లైనక్స్ కెర్నల్ నడుస్తూనే ఉంది. యంత్రాన్ని ఆపకుండా పెన్‌డ్రైవో కెమెరానో తగిలించడం, పీకెయ్యడం మనకు అలవాటైపోయింది. దీన్నే హాట్‌ప్లగ్ అంటాం. తగిలించడంలోనే ఎంత గొడవ ఉందో 1998 ఏప్రిల్‌లో షికాగోలో జనం చూశారు. బిల్ గేట్స్ వేదిక మీద ఉండగానే, విండోస్ 98 ప్రదర్శనలో స్కానర్ తగిలించగానే తెర నీలమైపోయింది. పీకడం అంతకన్నా చిక్కు. వచ్చే చుట్టానికి ఏర్పాట్లు చేస్తాం. చెప్పకుండా వెళ్లిపోయే చుట్టంతోనే కష్టం.

కొన్నేళ్ల కిందట ఒక జిల్లా కేంద్రంలోని రక్తపరీక్షల ల్యాబ్ నుంచి మాకు ఫిర్యాదు వచ్చింది. సూక్ష్మదర్శినికి యూఎస్‌బీ కెమెరా, దానికొక కంప్యూటర్. పది పదిహేను రోజులకోసారి యంత్రం మొత్తం బిగుసుకుపోయేది. ఒక్కోసారి ప్రింటు తీస్తుండగా, ఒక్కోసారి ఏమీ చెయ్యకుండానే. అక్కడి టెక్నీషియన్ కుర్రాడు కేబుల్ అడ్డదిడ్డంగా లాగుతున్నాడని అందరూ తేల్చేశారు. అతన్ని ఆ పని నుంచి తప్పించాలన్న మాట కూడా వచ్చింది. అతను మాత్రం ఫోన్‌లో ఒకటే చెప్పేవాడు: "సార్, ఫోటో సేవ్ చెయ్యాలా అని బాక్స్ అడుగుతున్నప్పుడు కేబుల్ తీస్తేనే అవుతోంది. అప్పుడే కాదు, కాసేపాగి అవుతోంది." ఆ 'కాసేపాగి' అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. కేబుల్‌కీ, పది నిమిషాల తర్వాత ఆగిన ప్రింటుకీ ఏం సంబంధం?

సంబంధం ఉంది. కెమెరా సమాచారాన్ని కెర్నల్ ప్రతిసారీ కాపీ చేసి ప్రోగ్రాముకు అందిస్తే ఆలస్యమవుతుంది. అందుకని కొన్ని మెమరీ పేజీలను నేరుగా ప్రోగ్రాముకే కనబడేలా చేస్తాం. దీన్ని మెమరీ మ్యాపింగ్ అంటాం. గుమస్తాను మధ్యలో పెట్టకుండా గది తాళంచెవే చేతికిచ్చినట్టు. మా డ్రైవర్ ఒక చిన్న పేజీని అలా ఇచ్చింది. ప్రోగ్రాములోని ఒక భాగం వెనక నుంచి ప్రతి సెకనూ అందులో ఒక అంకె రాస్తూ ఉంటుంది. కేబుల్ పీకగానే డ్రైవర్ "కెమెరా పోయింది" అని ఆ పేజీని ఖాళీ చేసి కెర్నల్‌కు అప్పజెప్పేది. తాళంచెవి మాత్రం వెనక్కి తీసుకోలేదు. మామూలుగా ప్రోగ్రాము వెంటనే మూసుకుంటుంది కాబట్టి ఏమీ అయ్యేది కాదు. సేవ్ బాక్స్ తెరిచి ఉంటే మాత్రం మనిషి జవాబు కోసం కూర్చుంటుంది. ఈలోగా ఆ గది ఇంకెవరికో ఇస్తారు. పాత మనిషి మాత్రం సెకనుకోసారి వచ్చి గోడ మీద అంకె రాసి పోతుంటాడు. యంత్రం బిగుసుకుపోవడం నయం. ఆ గది ఎవరి రక్తపరీక్ష ఫలితానికో ఇచ్చి ఉంటే?

ఇదంతా ఇప్పుడు ఇంత సాఫీగా చెబుతున్నాను గానీ, అప్పటికి ఇది ఒక ఊహ మాత్రమే. మా బృందంలో ఇంకో ఊహ కూడా ఉంది. దాని ప్రకారం ఒక లాక్ చేర్చి ప్యాచ్ రాశారు. రెండు రోజులు యంత్రం ఆగలేదు. పంపించేద్దామన్నారు. పదిహేను రోజులకోసారి వచ్చే జబ్బు రెండు రోజులు రాకపోతే తగ్గిందనుకోవడమెలా? మన ఫిజిక్స్ ల్యాబ్‌లో లోలకం రీడింగ్ ఒక్కసారే తీసి రాస్తే సంతకం పడేది కాదు, గుర్తుందా? ముందు ఆ బగ్‌ను మేం పిలిచినప్పుడల్లా రప్పించాలి, ఆ తర్వాతే ప్యాచ్ అన్నాను.

చేత్తో కేబుల్ లాగుతూ కూర్చుంటే లాభం లేదు. పాత చదరపు యూఎస్‌బీ మూతికి ప్రమాణం 1,500 సార్లే. లైనక్స్‌లో అన్‌బైండ్ అనే ఫైలు ఉంటుంది. అందులో పరికరం పేరు రాస్తే కేబుల్ ముట్టకుండానే డ్రైవర్ విడిపోతుంది. మా బృందంలో అప్పుడే చేరిన అమ్మాయి అరవై లైన్లలో ఒక ప్రోగ్రాము రాసింది. పేజీని మ్యాప్ చెయ్యడం, సెకనుకోసారి అంకె రాయడం, ఎప్పటికీ మూసుకోకపోవడం, అంతే. అది నడుస్తుండగా అన్‌బైండ్ చేసి, ఖాళీ అయిన పేజీలు త్వరగా చేతులు మారాలని ఇంకో ప్రోగ్రాముతో బోలెడు మెమరీ అడిగించాం.

ఇక దొంగను పట్టుకోవాలి. కేసాన్ అని కెర్నల్‌కు మంచి కాపలాదారు ఉన్నాడు. అయితే అతను కెర్నల్ చేసే రాతలనే చూస్తాడు. ఇక్కడ రాసేది బయటి ప్రోగ్రాము, తన దగ్గరున్న తాళంచెవితో. కాపలాదారు కంట పడదు. అందుకని పేజ్ పాయిజనింగ్ పెట్టాం. ఖాళీ చేసిన ప్రతి పేజీనీ 10101010 అనే బిట్లతో నింపి, మళ్లీ ఎవరికైనా ఇచ్చే ముందు ఆ ముగ్గు చెరిగిందా అని చూసుకోవడం. మూడో ప్రయత్నంలో ముగ్గు చెరిగింది. చెరిగిన చోట మా అంకె ఉంది! ఆ తర్వాత వంద సార్లు చేస్తే వంద సార్లూ దొరికింది. లాక్ ప్యాచ్ వేసి చేసినా దొరికింది. అది రోగం కుదర్చలేదు, వేళ మాత్రం మార్చింది.

అసలు మరమ్మతు చిన్నది. కేబుల్ ఊడినప్పుడు పేజీని వదలకూడదు. మ్యాపింగ్ ఉన్నంత సేపూ కెర్నల్ ఆ ఫైలును పట్టుకునే ఉంటుంది కాబట్టి లెక్క పెట్టుకుని, పరికరమూ పోయి, చివరి వాడుకదారూ వదిలాకే ఖాళీ చెయ్యాలి. కెమెరా పోయాక కొత్తవాళ్లకు తాళంచెవి ఇవ్వకూడదు. దాదాపు ఇరవై లైన్లు. వెతకడానికి పట్టింది మాత్రం ఐదు వారాలు.

ప్యాచ్‌కు జోడించే వివరణలో బగ్‌ను ఎలా రప్పించాలో రాయాలి. ఆ చోట కుర్రాడి మాటనే పెట్టాం: సేవ్ బాక్స్ తెరిచి ఉండగా కేబుల్ తియ్యండి, కాసేపు ఆగండి. ల్యాబ్ యజమానికి కూడా అదే రాసి పంపాం. కొత్త కెర్నల్ వేసిన రోజు అతనికి ఫోన్ చేస్తే, లైన్‌లో ఉండగానే కేబుల్ లాగాడు. ప్రింటు కాగితం ఆగకుండా వస్తున్న చప్పుడు నాకూ వినిపించింది. "ఇంకోసారి లాగనా సార్?" అన్నాడు. లాగమన్నాను.

ఆ అరవై లైన్ల ప్రోగ్రాము ఇప్పటికీ మా దగ్గర రోజూ రాత్రి నడుస్తోంది. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలెవరైనా చూడాలనుకుంటే భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి, ల్యాప్‌టాప్ తెచ్చాను.