స్లావులంతా ఒక్కటేనా?

ఒక చిన్న మాటతో మొదలుపెడదాం. నీళ్లని రష్యన్‌లో "వదా" అంటారు. పోలిష్‌లో, చెక్‌లో, సెర్బియన్‌లో "వోదా". మన "నీరు", తమిళం "నీర్" లాగా అన్నమాట. మరి మాట ఒకటైతే మనుషులంతా ఒకే జాతి అయిపోతారా?

1848 జూన్‌లో ప్రాగ్ నగరంలో స్లావ్ ప్రజల మహాసభ జరిగింది. చెక్‌లు, స్లొవాక్‌లు, క్రొయేట్లు అప్పుడు ఆస్ట్రియా చక్రవర్తి పాలనలో ఉన్నారు. కలిస్తే బలం వస్తుందని వాళ్ల ఆశ. కానీ పోలండ్ వాళ్లకి ఒక భయం ఉంది. వాళ్ల దేశాన్ని ముక్కలు చేసి పంచుకున్న మూడు రాజ్యాల్లో రష్యా ఒకటి. అదీ స్లావ్ రాజ్యమే కదా!

1918లో సెర్బులు, క్రొయేట్లు, స్లొవీన్లు కలిసి ఒక రాజ్యం పెట్టుకున్నారు. 1929లో దానికి యుగోస్లావియా అని పేరు పెట్టారు, అంటే దక్షిణ స్లావుల దేశం. సెర్బులు, క్రొయేట్లు మాట్లాడుకుంటే ఒకరిది ఒకరికి చక్కగా అర్థమవుతుంది. అయినా 1991లో దేశం విడిపోవడం మొదలై, యుద్ధాల దాకా వెళ్లింది.

2021 జూలైలో పుతిన్ ఒక వ్యాసం రాశారు. రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే ప్రజలు అన్నది దాని సారాంశం. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదికి దండెత్తింది.

భాషల చుట్టరికం అబద్ధం కాదు ఫ్రెండ్స్. కానీ "మనమంతా ఒక్కటే" అని ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న వెయ్యండి: ఎదుటివాళ్లకి "కాదు" అనే హక్కు ఉందా?

ఆలోచించండి.