ఆఫీసు పని మీద పోతే మధ్యాహ్నం అన్నం ఎక్కడ?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు మాట్లాడిన మాటలు)



పొద్దుటి నుంచి అందరూ మంచి సంగతులు మాట్లాడారు. బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, స్త్రీనిధి ఎంత తీసుకున్నాం, ఎంత కట్టాం, ఏ ఊరికి ఎంత బాకీ ఉంది, అన్నీ విన్నాం. నేను మధ్యాహ్నం అన్నం గురించి మాట్లాడతా అని పేరు ఇస్తే మా వీవోఏ చెల్లె నవ్వింది. "అక్కా, గదేం ముచ్చట" అన్నది. మీరు కూడా నవ్వుతున్నారు. నవ్వండి. కానీ ఒక్కటి అడుగుతా, చేతులెత్తండి. ఈ రోజు ఇంట్లో కడుపునిండా తిని మీటింగుకు వచ్చినవాళ్లు ఎంతమంది? చూశారా, లెక్కపెట్టే పని కూడా లేదు. నేనే ఎత్తలేదు.

మన పని అట్లా ఉంటుంది. నెలకు ఒకసారి సమాఖ్య మీటింగు. మధ్యలో బ్యాంకు, మీసేవ, తహసీల్ ఆఫీసు, ఎంపీడీవో ఆఫీసు. పొద్దున లేచి ఇంటిల్లిపాదికి వండుతాం, పిల్లలకు డబ్బాలు కడతాం, ముసలాళ్లకు గిన్నెలో పెట్టి మూత పెడతాం. మనం మాత్రం ఒక ఛాయ్ తాగి బస్సెక్కుతాం. మధ్యాహ్నం ఎవరైనా అన్నం అంటే "ఇంటికి పోయినంక తింట తియ్యి" అంటాం. ఇంటికి పోయేసరికి నాలుగో, అయిదో అవుతుంది.

పోయిన ఏడాది మా సంఘానికి లింకేజీ వచ్చిన రోజు సంగతి చెప్తా. పత్రాల మీద సభ్యులందరూ సంతకాలు పెట్టాలి కాబట్టి పదకొండు మందిమి కలిసి పోయాం. పదిన్నరకు బ్యాంకు దగ్గర ఉన్నాం. సారు పనిలో ఉన్నారు, పన్నెండుకు రమ్మన్నారు. పన్నెండుకు పోతే సర్వర్ పనిచేస్తలేదన్నారు. తర్వాత భోజనం టైమయింది, అయినంక చూద్దామన్నారు. వాళ్లు డబ్బాలు విప్పుకున్నారు. మేం మెట్ల మీద కూర్చున్నాం. రెండున్నరకు పిలిచారు. మా వదిన ఒకామె సంతకం పెట్టడానికి వంగింది. పెన్ను కింద పడింది, ఆమె కూడా పడిపోయేదే, ఇద్దరం పట్టుకున్నాం. చెమటలు పట్టాయి, చేతులు చల్లగా అయిపోయాయి. నీళ్లు తాగించి, ఒకామె ఉరికి అరటిపండ్లు తెచ్చింది. ఏం తిన్నావు వదినా అంటే "పొద్దుగాల ఛాయ్ తాగిన, బువ్వ రాత్రే తిన్న" అన్నది.

నాకు చాలా సిగ్గయింది అక్కలారా. నేను లీడర్ని. పాసు పుస్తకాలు, ఆధార్ జిరాక్సులు, ఫొటోలు, తీర్మానం కాపీ అన్నీ రెండుసార్లు లెక్క చూసి సంచిలో పెట్టుకున్నా. పదకొండు మంది మధ్యాహ్నం ఏం తింటారో మాత్రం చూడలేదు. తర్వాత ఏఎన్ఎం అక్క వదినకు పరీక్ష చేస్తే రక్తం తక్కువ ఉంది అని తేలింది. ఆమె ఒక్కతే కాదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని వచ్చింది. అంటే ఈ హాలులో సగం కంటే ఎక్కువ మంది అనుకోండి. మన దశసూత్రాల్లో ఆరోగ్యం, పోషకాహారం కూడా ఉన్నాయి. పుస్తకంలో రాసుకుంటాం, కడుపుకు మాత్రం చెప్పం.

డబ్బులు లేక అని అనుకుంటాం. అది కొంత నిజమే. కానీ 2023 డిసెంబరు 9 నుంచి మనకు ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు కదా. మా ఊరి నుంచి పోను రాను అరవై రూపాయలు అయ్యేది. ఆ అరవై మిగిలింది. మరి ఆ అరవై ఎటు పోయింది? పిల్లలకు బిస్కెట్లు, ఇంటికి కూరగాయలు. మన పేరు మీద మిగిలింది కూడా మన నోటికి రాలేదు.

సంతకాల సంగతి అయినాక నేను, మా కార్యదర్శి ఒక పని పెట్టుకున్నాం. మండలానికి పోయిన ప్రతిసారి ఒక చోట అన్నం తిని చూడాలి, ఆడవాళ్లకు ఏది బాగుందో తేల్చాలి.

మొదట రోడ్డు మీది పెద్ద హోటలుకు పోయాం. ఫ్యాన్లు, కుర్చీలు, ఫ్యామిలీ గది అన్నీ ఉన్నాయి. ఫుల్ మీల్స్ 130 రూపాయలు. అన్నం ఎంతైనా వేస్తారు కానీ మేం అంత తినలేం. సగం వదిలేసి వచ్చి ఇద్దరం దారంతా బాధపడ్డాం. ఒకటి మాత్రం నేర్చుకున్నాం. అదే హోటల్లో పార్శిల్ తీసుకుంటే అన్నం, కూరలు ఇద్దరికి సరిపోయేంత కడతారు. కూర్చోవడానికి చోటుంటే పార్శిల్ మేలు.

రెండోసారి బండి దగ్గర తిన్నాం. 50 రూపాయలకు వేడివేడి అన్నం, పప్పు, ఒక కూర. రుచి బాగుంది. కానీ నిలబడి తినాలి, పక్కనే మోరీ, చేతులు కడగడానికి ఒక్క చెంబు. చుట్టూ అందరూ మొగోళ్లే. మా కార్యదర్శి ప్లేటు మీదికి కొంగు కప్పుకొని తిన్నది. అట్లా తిన్నది ఒంటికి పట్టదు.

మూడోసారి నేను తెలివి చేశా. బస్టాండులో ఒక కండక్టరమ్మను అడిగా, "అమ్మా, నువ్వు మధ్యాహ్నం ఎక్కడ తింటావు" అని. రోజూ బయట తినేవాళ్లకే తెలుస్తుంది ఎక్కడ తింటే కడుపు ఆగం కాదో. ఆమె చూపించింది, బస్టాండు వెనక గల్లీలో ఒక మెస్. బోర్డు కూడా సరిగ్గా కనపడదు. మొగుడు పెండ్లాం ఇద్దరు నడుపుతారు. ఇంటి ముందు గదిలో నాలుగు బెంచీలు. 70 రూపాయలు. అన్నం, టమాట పప్పో పాలకూర పప్పో, ఒక వేపుడు, పచ్చిపులుసు, పెరుగు. ఆ రోజు పుంటికూర పచ్చడి కూడా వేశారు. ఆమె వచ్చి "మెల్లగ తినండమ్మా, ఇంకా అన్నం ఉడుకుతుంది" అన్నది. వెనక బాత్రూం ఉంది, అడిగితే వాడుకోనిచ్చింది. నాకు అన్నింటికంటే అదే పెద్ద మాట అనిపించింది. మనం బయటికి పోతే నీళ్లు తాగకుండా ఉండేది అందుకే కదా. ఇప్పుడు మా ఊరి నుంచి అయిదుగురికి మించి పోతే ముందే ఫోన్ చేసి చెప్తాం, పన్నెండున్నరకే తినేసి తర్వాత పనికి పోతాం. రెండు దాటితే అక్కడ కూరలు అయిపోతాయి. అది కూడా మంచి గుర్తే. మిగలబెట్టి రాత్రికి అమ్మరు.

ఇంకో ఉపాయం చెప్తా. 70 కూడా బరువే అనేవాళ్లు ఉన్నారు. ఇంటి నుంచి అన్నం కట్టుకొని రండి. బస్టాండు దగ్గర కర్రీ పాయింటులో పప్పు ప్యాకెట్, కూర ప్యాకెట్ ఒక్కోటి 25, 30 రూపాయలకు దొరుకుతుంది. నలుగురు కలిసి పప్పు, ఒక కూర, పెరుగు ప్యాకెట్ తెచ్చుకుంటే మనిషికి ఇరవై, ఇరవై అయిదులో అయిపోతుంది. ఒక నిమ్మకాయ పెట్టుకోండి. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే అందులో ఇనుము ఒంటికి బాగా పడుతుందని అంగన్‌వాడీ టీచరమ్మ చెప్పింది. అన్నం తిన్న వెంటనే ఛాయ్ తాగొద్దని కూడా చెప్పింది, గంట ఆగాలట. ఛాయ్ తాగితే ఆ ఇనుము సరిగ్గా పట్టదు.

పట్నం పోతే అక్కడ ఇంకా సులువు. హైదరాబాద్‌లో 2014 నుంచి 5 రూపాయల భోజనం కేంద్రాలు నడుస్తున్నాయి. ఆంధ్రలో చుట్టాల దగ్గరికి పోతే అక్కడి పట్టణాల్లో అన్న క్యాంటీన్లలో కూడా 5 రూపాయలే. లైన్లో నిలబడి తినడానికి సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. పస్తు ఉండి బ్యాంకులో పడిపోతే అదే సిగ్గు.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. మాకు ఒక గొడవ అయింది. దాచిపెట్టను. రెండోసారి బ్యాంకుకు నలుగురిని పంపినప్పుడు నేను సంఘం డబ్బుల నుంచి 280 రూపాయలు అన్నానికి ఇచ్చా. మీటింగులో ఒక అక్క లేచి "మేం పొదుపు చేసేది మీరు హోటళ్లల్ల తినడానికా" అన్నది. నాకు కండ్ల నీళ్లు వచ్చాయి. రాత్రంతా ఆలోచించా. ఆ అక్క తప్పు లేదు. నేను అడగకుండా ఖర్చు పెట్టా, తర్వాత చెప్పా. అది తప్పే. మళ్లీ మీటింగులో అందరి ముందు ఒప్పుకున్నా. అప్పుడు అందరం కూర్చొని తీర్మానం రాసుకున్నాం. సంఘం పని మీద సంఘం పంపితేనే మనిషికి 70 రూపాయల వరకు భోజనం ఖర్చు. ఎవరు, ఏ రోజు, ఏ పని మీద పోయారో నగదు పుస్తకంలో రాయాలి. సొంత పని మీద పోతే సొంత డబ్బులు. మాట అడిగిన అక్కనే మొదటిసారి స్త్రీనిధి పనికి పంపాం. వచ్చి చిల్లర 70లో నుంచి 10 రూపాయలు వాపస్ ఇచ్చి "పెరుగు వద్దన్న, అందుకే తక్కువయింది" అన్నది. ఇప్పుడు ఆమెనే కొత్తవాళ్లకు మెస్ దారి చూపిస్తుంది.

మీ మండలంలో, మీ ఆఫీసు దగ్గర చోటు వెతుక్కునేటప్పుడు అయిదు సంగతులు చూడండి. ఒకటి, రోజూ అక్కడే తినేవాళ్లు, అందులో ఆడవాళ్లు, కూర్చున్నారా. రెండు, చేతులు కడిగే చోటు, తాగే నీళ్లు ఎట్లా ఉన్నాయి. మూడు, బాత్రూం ఉందా, తాళం వేసి పెట్టారా. నాలుగు, ధర బోర్డు మీద రాసి ఉందా, గోడకు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కాగితం ఉందా. అయిదు, మీరు పని చేసే ఆఫీసు నుంచి పది నిమిషాల్లో పోయి రావచ్చా. రుచి ఆరోది.

ఈ మాట ఇంకో పనికి కూడా వస్తుంది. 2024 జూన్‌లో సచివాలయంలో ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు మొదలయ్యాయి. తర్వాత జిల్లాల్లో కలెక్టరేట్ల దగ్గర, ఆస్పత్రుల దగ్గర కూడా పెట్టారు. నడిపేది మనలాంటి సంఘాల అక్కలే. మన దగ్గర కూడా ఒకరిద్దరు పెట్టాలని అనుకుంటున్నారు. లోను కాగితం పెట్టే ముందు నాలుగు చోట్ల తిని చూడండి. ఎంత అన్నం వదిలేశారు, ఏ కూర ముందు అయిపోయింది, ఆడవాళ్లు ఎందుకు లోపలికి రాకుండా వెనక్కి పోయారు అని రాసుకోండి. మనం మెట్ల మీద ఆకలితో కూర్చున్న రోజులు గుర్తు పెట్టుకుంటే మన క్యాంటీన్ నడుస్తుంది.

చివరగా సమాఖ్యకు మూడు విన్నపాలు. ఎజెండాలో ఒంటిగంటకు భోజనం అని రాయండి, ఆ టైముకు మీటింగు ఆపండి. ఆఫీసు వెనక గదిలో పాత రిజిస్టర్లు పెట్టారు. అవి అల్మారాలోకి సర్ది, ఒక చాప, ఒక మంచినీళ్ల డ్రమ్ము, పది ప్లేట్లు పెడితే డబ్బా తెచ్చుకున్నవాళ్లు కూర్చొని తింటారు. బాత్రూం తాళం చెవి సారు టేబుల్ సొరుగులో కాకుండా తలుపు పక్కన మొలకు పెట్టండి.

మా వదిన ఈ రోజు వచ్చింది, మూడో వరసలో కూర్చుంది. ఐరన్ మాత్రలు వాడింది, ఇప్పుడు బాగుంది. పొద్దున తిన్నావా వదినా అని బస్సులో అడిగితే సంచి తెరిచి డబ్బా చూపించింది. నాకు కూడా పెడతానన్నది. ఒంటిగంట అయింది, నేను ఇంకా మాట్లాడితే చెప్పిన మాట నేనే తప్పినదాన్ని అవుతా. అందరూ లేవండి, అన్నం తిందాం.