ఆకు నిచ్చునపుడు పేరును కూడ నిండు

(మన సంఘపు నెలవారీ కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై భాషాహక్కులను గూర్చియు, పాఠశాలలను గూర్చియు ప్రసంగములు వినుట మీ కలవాటు. నేడు మేము మాటలాడబోవునది గుమ్మము ప్రక్కను, మిద్దెమీదను, పగిలిన కుండలోను పెరుగు దళసరి ఆకుల మొక్కలను గూర్చి. ఇది చిన్న విషయమే. అయినను ముందుగా మా యింట జరిగిన యొక సంగతి మనవి చేసెదము.

మా కుటుంబము హోసూరు ప్రాంతమున కొన్ని తరములుగా స్థిరపడినది. మా నాయనమ్మగారు కాపురమునకు వచ్చునపుడు పుట్టింటినుండి యొక రణపాల ఆకును గుడ్డలో చుట్టి తెచ్చిరట. అది మా పెరటిలో పెద్ద పొదయై చాలకాల ముండెను. ఆమె పోయిన పిమ్మట, ఆమె జ్ఞాపకమను భక్తితో మేము దానికి పూటపూటయు నీళ్లు పోసితిమి. ఒక కార్తీకమాసపు వానలలో మొదలు మెత్తబడి, వారము తిరుగకమున్నే పొద యంతయు కుళ్లిపోయెను. ఒక్క ఆకైనను మిగులలేదు.

మరుసటి సంవత్సరము పొరుగింటి పిట్టగోడమీద అదే మొక్క మాకు కనబడెను. ఆ యింటివారు తమిళులు. తమిళమున దానిని రణకళ్లి యందురు. ఆ యింటి పెద్దావిడ మాత్రము, "ఇది రణపాల గదా! మీ నాయనమ్మగారు ఆకు నిచ్చినపుడు ఆ పేరే చెప్పిరి" అనిరి. మా ప్రక్కనున్న మా పిల్లలు ఆ పేరు వినుట అదే మొదలు. మా యింట మొక్కయు పోయినది, పేరును పోయినది. పొరుగింట రెండును బ్రదికి యున్నవి. ఆమె రెండాకులు కోసి మా చేతిలో పెట్టిరి. అప్పుడు మాకు కలిగిన సిగ్గును, సంతోషమును ఇంతయని చెప్పజాలము.

ఈ మొక్కలు నీరు లేక చచ్చుట అరుదు. మన ప్రేమ యెక్కువై చచ్చుటయే తఱచు. దీనికి కారణము తెలిసికొనుట మంచిది. ఎండ ప్రాంతములలో బ్రదుకుటకై ఇవి నీటిని ఆకులందును కాండములందును దాచుకొనును. తక్కిన మొక్కలు పగటివేళ పత్రరంధ్రములు తెరచి గాలి పీల్చును. ఇవి రాత్రి చల్లదనమున తెరచి, పీల్చిన బొగ్గుపులుసు గాలిని పుల్లని ఆమ్లముగ మార్చి నిలువచేసి, పగలు రంధ్రములు మూసికొని ఆ నిలువతో ఆహారము వండుకొనును. అందుచే నీరు ఆవిరియగుట మిక్కిలి తగ్గును.

ఈ రహస్యమునకు దారి చూపినవారిలో ఒకడు మన ప్రాంతములకు తెలిసినవాడే. బెంజమిన్ హైన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు గోదావరి మండలమున సామర్లకోటలోని కుంపిణీవారి తోటలో పనిచేసెను. 1799లో శ్రీరంగపట్టణము పడిన తరువాత బెంగుళూరు లాల్‌బాగు తోటయు కొంతకాల మాతని అధీనమున నుండెను. రణపాల ఆకు ఉదయమున పుల్లగాను, మధ్యాహ్నమునకు రుచిలేకయు, సాయంకాలమునకు కొంచెము చేదుగాను ఉండునని అతడు వ్రాసిన లేఖ 1815లో లండనులోని లిన్నేయను సంఘపు సంపుటమున అచ్చయినది. మీరు మాత్రము రుచి చూడ నక్కఱలేదు. ఈ ఆకులు మేసిన పశువులకు హాని కలుగుననియు ఎఱుగునది.

ఇక నాటు పద్ధతి. అన్నిటికిని మూలసూత్ర మొక్కటే: కోసిన గాయము ఆరిన పిమ్మటనే మట్టిలో పెట్టవలెను. పచ్చిగాయముతో తడిమట్టిలో పెట్టిన ముక్క వేరు తొడుగుటకు ముందే కుళ్లును. కుండీకి అడుగున చిల్లు తప్పక యుండవలెను. ఎఱ్ఱమట్టి యొక పాలు, ముతక ఇసుక యొక పాలు, బాగుగ చివికిన ఎరువు అందులో సగము కలిపిన చాలును. వేలు లోనికి గ్రుచ్చి చూచి, తడి తగులనపుడే నీరు పోయవలెను.

రణపాలకు ఆకు చాలును. మట్టిపై వెల్లకిల పరచి, నీడలో నుంచిన, అంచుల నొక్కులనుండి రెండు మూడు వారములలో చిన్న మొక్కలు వేళ్లతో సహా లేచును. మరాఠీవారు దీనిని పానఫుటీ యనుట అందుకే.

కలబంద విషయమున అనేకులు పొరబడుదురు. దాని ఆకును నాటిన సాధారణముగ కుళ్లిపోవును. తల్లిమొక్క ప్రక్కన వచ్చు పిలకలను, జానెడెత్తు పెరిగిన తరువాత, వేళ్లతో విడదీసి, రెండు మూడు దినములు నీడలో ఆరబెట్టి నాటవలెను. నాలుగైదు దినముల వఱకు నీరు పోయరాదు. గుమ్మమున తలక్రిందుగ వ్రేలాడదీసిన కలబంద మట్టి లేకయే నెలల తరబడి బ్రదుకుట మీరందరును చూచినదే. అట్టిదానికి నాలుగు దినముల దాహ మొక లెక్కయా?

నల్లేరును రెండు మూడు కణుపుల ముక్కగ కోసి, ఆరనిచ్చి, ఒక కణుపు మట్టిలో మునుగునట్లు, పైకొన పైకే యుండునట్లు నాటవలెను. ప్రాకుటకు కంచెయో తీగెయో చూపుడు. పచ్చడికి కోయునపుడు చేతులకు నూనె రాచుకొనుట మరువవలదు, లేనిచో దురద పుట్టును.

చాగనార ఆకును నాలుగంగుళముల ముక్కలుగ కోసి, మొదలువైపు క్రిందికి వచ్చునట్లు నాటిన నెల రెండు నెలలలో వేరు పట్టును. అంచున పసుపుచార గల అలంకారపు జాతిని ఆకుముక్కతో పెంచిన ఆ చార పోయి పచ్చమొక్కయే వచ్చును. చార నిలువవలెనన్న దుంపను విడదీసి నాటవలెను.

జెముడు జాతులను పెంచువారు వాటి పాలు కంటిలో పడకుండ జాగ్రత్త వహింపవలెను. ముక్కలను వారము దినములకు పైగా ఆరబెట్టవలెను. ఆకుల సందులలో దూదివలె తెల్లని పిండినల్లి కనబడిన వెంటనే తడిగుడ్డతో తుడువుడు. మిగిలిన ముక్కలను వీధిలోను, చెఱువుగట్టునను పాఱవేయవలదు. నాగజెముడు ఒకప్పుడు దక్షిణదేశపు పొలములను ఎంతగా ఆక్రమించెనో పెద్దలు విననిది కాదు.

కాలము కూడ ముఖ్యము. తమిళనాట నున్నవారు ఆశ్వయుజ కార్తీకముల వానలను తప్పించుకొని, మాఘ ఫాల్గుణములలో నాటుట మేలు. ఒడిశా, మహారాష్ట్రములవారు ఆషాఢ శ్రావణముల జడివానలు వెనుకబడిన తరువాత మొదలిడవచ్చును. యానామువంటి గోదావరి తీరపు తేమగాలిలో ఇసుక పాలు పెంచవలెను.

రణపాల జన్మభూమి మడగాస్కరు ద్వీపమనియు, కలబంద అరబ్బుదేశపుదనియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అయినను నేడు వాటిని పరాయివని యెవరనగలరు? అవి వచ్చిన చోటెల్ల వేరూని, చోటికొక పేరు పొందినవి. మన నల్లేరు తమిళమున పిరండై, కన్నడమున మంగరవళ్లి, మరాఠీలో కాండవేల్. ఈ పేర్లన్నియు మన పిల్లలకు రావలెను. ఇరుగుపొరుగు మాట నేర్చుట మనకు గౌరవమే. కాని వాటితోపాటు నల్లేరు అను మాటయు రావలెను. ఆ మాట యెఱుగని పిల్లవానికి "నల్లేరుమీద బండినడక" యన్న నేమి తెలియును? తీగను చూపి, పేరు చెప్పి, దానిమీద చక్రము ఎట్లు సాఫీగ పోవునో వివరించిననాడు ఆ సామెత వానిదగును.

అందుచే మా విన్నపము స్వల్పము. వచ్చు సమావేశమునకు ప్రతి కుటుంబమువారును తమ యింటినుండి యొక ఆకో, పిలకో, కణుపో తెండు. ముందే కోసి ఆరబెట్టి తెండు. ఒక కాగితపు ముక్కపై దాని తెలుగు పేరును, మీ ఊరి భాషలోని పేరును మీ పిల్లలచేతనే వ్రాయింపుడు. ఇచ్చి పుచ్చుకొందము. తెలుగువారితో మాత్రమే కాదు, గోడ కావలివారితోను. ఒక యింట పోయినది మరియొక యింట దొరకును. మా కిట్లే దొరికినది.

ఆ రెండాకులనుండి లేచిన మొక్కలు నేడు మా పెరటిలో ఎనిమిది. ఒక్కొక్క కుండీపై మా మనుమరాలు "రణపాల" యని సుద్దముక్కతో వ్రాసినది. వాన వచ్చినపుడెల్ల అక్షరములు చెరగిపోవును. తెరిపి యీయగానే అది మరల వ్రాయుచున్నది.