చేపల తొట్టి నీటితో సేద్యము: మొక్కలకు ఇనుము చాలనప్పుడు

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సున్నము ఎక్కువగా గల నేలలో వేరుశనగ వేసిన రైతులు మీలో కొందరైన ఉందురు. పైరు లేత ఆకులు పసుపుబారి, పిమ్మట తెల్లబారుట వారు చూచియే యుందురు. ఆ నేలలో ఇనుము లేదా? ఉన్నది. కాని సున్నము దానిని వేళ్ళకు అందనీయదు. అందుచేతనే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదిని, 1 గ్రాము నిమ్మ ఉప్పును కలిపి ఆకులపై చల్లవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇదే చిక్కు నేల లేని సేద్యములో కూడ వచ్చును. అచ్చట మందు వేరు. దానిని గూర్చియే నేడు మీకు మనవి చేయదలచితిని.

తొట్టిలో చేపలను పెంచి, ఆ నీటిని మొక్కలున్న గులకరాళ్ళ మడికి పారించి, తిరిగి తొట్టికే చేర్చు పద్ధతిని ఆక్వాపోనిక్స్ అందురు. చేపలు విసర్జించు అమ్మోనియాను సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చును. దానిని మొక్కలు ఆహారముగా గ్రహించును. నీరు శుభ్రపడి చేపలకు చేరును. పాఠశాలలోగాని, పంచాయతీ స్థలములోగాని ఇట్టి తొట్టి పెట్టింపదలచువారు ఒక సంగతి ముందుగా తెలిసికొనవలెను. చేపల మేత మొక్కలకు కావలసినవన్నియు సమకూర్చదు. నత్రజని సమృద్ధిగా లభించును గాని పొటాషియము, కాల్షియము, ఇనుము సాధారణముగా చాలవు.

ఆకులు పసుపుబారగానే తొట్టిని కనిపెట్టువారు బలము చాలలేదని తలచి చేపలకు మేత హెచ్చించుట కలదు. ఇది ప్రమాదకరము. మేత హెచ్చినచో అమ్మోనియా హెచ్చును. నీటిలో క్షార గుణము కూడ ఎక్కువగా నున్నచో ఆ అమ్మోనియా మరింత విషమగును. మొక్కలు కోలుకొనవు సరిగదా, చేపలును చచ్చును. ఊరి సొమ్ముతో పెట్టిన తొట్టి మూలపడును. కావున మొదట లోపమును గుర్తింపవలెను.

గుర్తించుట కష్టము కాదు. ఏ ఆకు ముందుగా పసుపుబారినదో చూడుడు. ముదురాకు అంతయు పసుపుబారినచో నత్రజని లోపమని తలపవచ్చును. ముదురాకులో ఈనెల మధ్య భాగము మాత్రమే పసుపుబారినచో మెగ్నీషియము లోపము కావచ్చును. లేతాకులో ఈనెలు పచ్చగా నిలిచి, వాని మధ్య భాగము పసుపుబారినచో అది ఇనుము లోపము. పత్రహరితము తయారగుటకు ఇనుము అవసరము. ముదురాకులో చేరిన ఇనుము లేతాకునకు సులభముగా తరలిపోదు. అందుచేత కొత్త చిగురే ముందుగా బాధపడును. వేళ్ళను కూడ పరీక్షింపుడు. అవి గోధుమరంగుకు తిరిగి కుళ్ళియున్నచో, నీటిలో ఇనుము ఉన్నను గ్రహింపజాలవు.

పిమ్మట నీటి పి.హెచ్. కొలువవలెను. ఇది నీటిలోని ఆమ్ల, క్షార గుణములను తెలుపు కొలత. 7 సమము, అంతకు తక్కువ ఆమ్లము, ఎక్కువ క్షారము. రంగు చుక్కల పరీక్ష పెట్టెతో చదువుకొన్న ఏ పిల్లవాడైనను దీనిని కొలువగలడు. చేపలు, సూక్ష్మజీవులు, మొక్కలు మూడును ఓర్చుకొను మధ్యస్థితి 6 మొదలు 7 వరకు. క్షార గుణము పెరిగినకొలది ఇనుము కరగి నిలువక, త్రుప్పు వంటి పదార్థమై అడుగునకు దిగిపోవును. తొట్టిలో ఇనుప మేకులు వేయుటవలన ప్రయోజనము లేకపోవుటకు కారణమిదే. అన్నభేదిని నీటిలో పోసినను అట్లే విరిగిపోవును. ఆ మడ్డి చేపల మొప్పలకు చేరి హాని చేయును.

పి.హెచ్. ఎక్కువగా నున్నచో కారణము వెదకవలెను. మడిలోని రాళ్ళు సున్నపురాళ్ళు కావచ్చును. ఒక రాతిపై వెనిగర్ పోసి చూడుడు. బుడగలు పొంగినచో అందు సున్నము కలదు. కొత్త సిమెంటు తొట్టి, సున్నపు గుణము గల బోరు నీరు కూడ కారణములే. అట్టి నీటిలో నిలువచేసిన శుభ్రమైన వాననీరు కలుపుట మేలు. మార్పు కొద్దికొద్దిగా, కొన్ని దినములపాటు జరుగవలెను. ఒక్కసారిగా మార్చినచో చేపలు తట్టుకొనలేవు.

అసలు మందు చీలేట్ ఇనుము. పీత డెక్కలతో పట్టుకొన్నట్లు ఒక సేంద్రియ పదార్థము ఇనుమును పట్టుకొని, విరిగిపోకుండ వేళ్ళకు చేర్చును. గ్రీకు భాషలో డెక్క అను అర్థమిచ్చు మాట నుండియే ఆ పేరు వచ్చినది. ఇందు మూడు రకములు ముఖ్యము. ఇ.డి.టి.ఎ. రకము పి.హెచ్. సుమారు 6.5 దాటినచో నిలువదు. డి.టి.పి.ఎ. రకము 7.5 వరకు పనిచేయును. ఇ.డి.డి.హెచ్.ఎ. రకము అంతకు మించిన క్షార నీటిలోను నిలుచును. నీరు ఎర్రబడును గాని భయపడ పనిలేదు.

మోతాదు ఎంత? కరీబియన్ సముద్రములోని వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయమున డాక్టర్ జేమ్స్ రాకోసీ, ఆయన సహచరులు నడపిన తొట్లలో లీటరుకు 2 మిల్లీగ్రాముల ఇనుమును మూడు వారముల కొకసారి చేర్చుచుండిరి. ఈ లెక్కన 1,000 లీటర్ల నీటికి 2 గ్రాముల ఇనుము కావలెను. అది పొడి బరువు కాదు. పొట్లముపై వ్రాసిన ఇనుము శాతమును చూడవలెను. 11 శాతము గల పొడి 18 గ్రాములు, 6 శాతము గల పొడి 33 గ్రాములు సరిపోవును. పొడిని బకెట్టు నీటిలో కరగించి, పారు నీటిలో మెల్లగా పోయవలెను. వెలుతురునకు చీలేటు చెడును గనుక పొట్లమును నీడలో, పిల్లలకు అందనిచోట ఉంచవలెను.

ఫలితమును కొత్త చిగురులో చూడుడు. పాత ఆకులు పూర్తిగా పచ్చబడకపోవచ్చును. చిగురు పచ్చగా వచ్చుచున్నచో ఆతురతతో మరల మందు వేయరాదు.

సభ్యులారా, తొట్టికి అంచనా వేయునాడే పరీక్ష పెట్టెకు, చీలేట్ పొట్లమునకు కూడ ఖర్చు వ్రాయుడు. బాధ్యత ఒకరికి అప్పగింపుడు. వారమున కొకసారి పి.హెచ్. కొలిచి, మందు వేసిన తేదీతో పుస్తకములో వ్రాయింపుడు. సమావేశము జరిగినప్పుడెల్ల ఆ పుస్తకమును తెప్పించి చూడుడు. తొట్టి కట్టుట ఒకనాటి పని. దానిని కనిపెట్టి యుండుటయే ఊరికి ఆకుకూరను, చేపను నిలుపునది.